ఒక పక్కే అరిగిన టైరు

ఇరవై రెండేళ్లలో మొదటిసారి పళనిస్వామి ధర్మరాజ్‌తో తమిళంలో మాట్లాడాడు.

ధర్మపురిలో, సేలం రోడ్డు మీద ఆయనకున్న టైర్ల షాపులో మిగతా అందరితోనూ తమిళమే. లారీ డ్రైవర్లతో, కంపెనీ మనుషులతో, టీ తెచ్చేవాడితో. ధర్మరాజ్‌తో మాత్రం తెలుగు. "రేయ్ ధర్మా, ఈడికి రారా" అని లోపలి నుంచి కేక వస్తే, బయట చక్రాల మధ్య గొంతుక్కూర్చున్న ధర్మరాజ్‌కు అది ఇంట్లోవాళ్లు పిలిచినట్టే ఉండేది. పళనిస్వామి వాళ్లది తాతల కాలం నుంచీ వ్యాపారం. ధర్మరాజ్ వాళ్లది కూలి. రెండిళ్లలోనూ మాట్లాడేది తెలుగు. ఇద్దరికీ ఆ అక్షరాలు రావు.

ఆ రోజు పొద్దున పది గంటలకు ఆయన షాపు మెట్లు దిగి వచ్చి, ధర్మరాజ్‌కు రెండడుగుల దూరంలో నిలబడి, తమిళంలో, అదీ 'నీంగ' అని మన్నిస్తూ, మీ సామాన్లు మీరు తీసుకొని వెళ్లండి అన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. నా కొడుకు బండి చక్రాన్ని వంకరగా బిగించి పంపించారు, ఇంక మీతో నాకేం మాటలున్నాయి అన్నాడు.

ధర్మరాజ్ భార్య మాదేశ్వరి అప్పుడు షాపు గుమ్మంలోనే ఉంది. ఆయన కొడుకు ముకేష్ ఫొటోకు ఆ రోజు వేయాల్సిన సంపంగి దండ ఆమె చేతిలో ఉంది. రోజూ ఆ షాపుకూ, ఆ ఇంటికీ పూలు ఇచ్చేది ఆమే. ముకేష్‌కు ఇరవై నాలుగేళ్లు. చనిపోయి పన్నెండు రోజులైంది. కోయంబత్తూరు అవతల మోటారుసైకిళ్ల డ్రాగ్ రేసు. నాలుగు వందల మీటర్ల తిన్నని దారి మీద రెండు బండ్లు పక్కపక్కన బయలుదేరాలి, ముందు ఎవరు చేరితే వాళ్లది గెలుపు. మొదటి పరుగు ముకేష్ గెలిచాడు. రెండో పరుగులో, బయలుదేరిన మూడు క్షణాలకే వెనక చక్రం పక్కకు లాగింది. బండి వెళ్లి గోడను కొట్టింది. అక్కడివాళ్లు బండి చూసి వెనక చక్రం తిన్నగా లేదన్నారు. శవం ధర్మపురి చేరేలోపల ఆ మాట చేరింది.

ధర్మరాజ్ కూర్చున్నచోటనే కూర్చుని, ఒక్కో స్పానరునూ నూనె గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. చిన్నవి కింద, పెద్దవి పైన. అందులో ఒకటి షాపుది. దాన్ని రెండుసార్లు తుడిచి మెట్టు మీద విడిగా ఉంచాడు. షాపు మూలన నుజ్జయిన బండి ఉంది. పోలీసుల దగ్గర నుంచి దాన్ని టెంపోలో తెచ్చింది కూడా అతనే, నాలుగో రోజున. దాన్ని పాత ఇనుముకు వేసేయమని పళనిస్వామి ఎవరికో చెబుతున్నాడు.

"ఆ వెనక చక్రం నేను ఎత్తుకొని పోతా మొదలాళీ," యజమానితో అన్నాడు ధర్మరాజ్, తెలుగులో.

పళనిస్వామి లోపలికి వెళ్లిపోయాడు. మాదేశ్వరి దండను బల్ల మీద పెట్టి, భర్తతోపాటు చక్రాన్ని దొర్లించుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది.

చక్రం వాళ్ల ఇంటి పంచలో, గోడకు ఆనించి, గోనెసంచి కప్పుకొని నిలబడింది. పెన్నాగరం రోడ్డు పక్కన ఇరుకు సందు అది. ఎదురింటి మునియమ్మ కూడా పూలు కట్టే మనిషే. ఇద్దరూ పొద్దున మార్కెట్‌కు కలిసి వెళ్లి, కలిసి కూర్చుని కడతారు.

"ఏమే మాదేశూ, చచ్చినోని చక్రాన్ని ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా?" అంది మునియమ్మ, మల్లెమొగ్గలు ఒళ్లో పోసుకుంటూ.

"చక్రం ఏం జేస్తాది అక్కా."

"ఏమీ జేయదు. నా మొగుడై ఉంటే ఈ పాటికి ఊరే ఇడిసి పోయుండును. నీ మొగుడు చక్రాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నాడు చూడు, గట్టోడు."

మాదేశ్వరి కాలి బొటనవేలికి దారం తగిలించి ముడి మీద ముడి వేస్తూ ఉంది.

ధర్మరాజ్ ఆ మధ్యాహ్నమే బస్టాండు వెనక ఉన్న రెండు షాపులకు వెళ్లి వచ్చాడు. ఒకచోట మనుషులు చాలనన్నారు. ఇంకోచోట కుర్చీలో కూర్చున్న మనిషి నవ్వి, "మా బండ్లు తిన్నగానే పోతా ఉండాయి అన్నా, నీకెందుకు శ్రమ" అన్నాడట. అది చెప్పేటప్పుడు ధర్మరాజ్ కూడా కొంచెం నవ్వాడు. మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొని వెల్లిచందైకి టమోటా కోతకు పోయాడు. సాయంత్రం తిరిగొచ్చి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటే పసుపు పచ్చని నురగ వచ్చింది. టమోటా ఆకుల కసరు. గోళ్ల చుట్టూ ఇన్నేళ్లుగా నల్లగా ఉన్న గ్రీజు మీద ఇప్పుడు ఆకుపచ్చ పేరుకుంది. మాదేశ్వరి చెంబుతో నీళ్లు పోస్తూ ఆ చేతులనే చూసింది.

"ఒక మాట అడుగుతా. నిజం చెప్పు," అంది. "నువ్వు వంకరగా బిగించినావా?"

"ఊరంతా చెప్తా ఉండాదే."

"ఊరు చెప్పేది నాకొద్దు. ఆ శనివారం దారం పట్టుకునింది నేను."

నిజమే. మిషన్ మీద పెట్టే కార్లకు తప్ప, బండ్లకు ధర్మరాజ్ దారంతోనే చూస్తాడు. ఆమె పూలు కట్టే తెల్లదారాన్నే వెనక టైరు చుట్టూ వెనక నుంచి తిప్పి, రెండు కొసలూ రెండు పక్కల నుంచి ముందు చక్రం దాకా లాగాలి. ఆ కొసలు పట్టుకొని ముందు కూర్చునేది మాదేశ్వరి. దారం కదలకూడదు, సడలకూడదు. అతను నేల మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూస్తాడు. వెనక టైరు రెండు అంచులనూ దారం ముద్దు పెట్టుకున్నట్టు తాకాలి. ముందు టైరుకు అటూ ఇటూ ఒకే సందు ఉండాలి. ముకేష్ పరుగు కోసం వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కడ్డీలను కోయించి పొడుగ్గా అతికించుకున్నాడు. చక్రం ఎంత వెనక్కి ఉందో చూసుకునే గీతలు వాటి మీద ఉన్నాయిగానీ, అతికిన తర్వాత ఎడమ గీతకూ కుడి గీతకూ పొంతన లేదు. అందుకే ఆ బండికి ప్రతిసారీ దారమే. రేసుకు ముందు రోజు, ఆ శనివారం కూడా మాదేశ్వరి పూల బుట్ట పక్కన పెట్టి అరగంట కూర్చుంది.

"రెండు పక్కలా ఒకే సందు ఉన్నింది. చిటికెనవేలు పట్టేంత. నువ్వే వేలు పెట్టి చూపించినావు," అంది.

ధర్మరాజ్ చేతులు విదిల్చి తువ్వాలు తీసుకున్నాడు.

"నువ్వు దారం సరిగ్గా పట్టుకొని ఉండవు," అన్నాడు.

ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో అతను ఆమె పనిని ఒక్క మాట అనలేదు.

మర్నాడు అతను కోతకు వెళ్లాక మాదేశ్వరి మార్కెట్‌కు పోలేదు. తలనొప్పిగా ఉందని మునియమ్మతో చెప్పి, తలుపు దగ్గరకు వేసి, పంచలో చక్రం ముందు కూర్చుంది. గోనెసంచి తీసింది.

దారం సడలిందా? అరగంటలో ఎప్పుడైనా తన చెయ్యి వాలిందా? రాత్రంతా అదే. మొగ్గలు వాడిపోతున్నాయని ఒకసారి బుట్ట వైపు చూసిన గుర్తుంది.

టైరును ఎలా చూడాలో ఆమెకు తెలుసు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కొసలు పట్టుకొని కూర్చున్నప్పుడు అతను తనలో తాను మాట్లాడుకుంటూ చెప్పేవన్నీ విని నేర్చుకుంది. కంటితో కాదు, అరచేత్తో చూడాలి. అడ్డంగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నిమరాలి. అటు నిమిరినా ఇటు నిమిరినా ఒకేలా ఉంటే చక్రం తిన్నగా తిరిగినట్టు. ఒకవైపు మెత్తగా, తిరిగి వచ్చేటప్పుడు చేప పొలుసులా చేతికి తగిలితే చక్రం పక్కచూపు చూసినట్టు.

నడిమి భాగం మీద చెయ్యి పెట్టింది. బల్లలా చదునుగా ఉంది. అటూ ఇటూ ఒకటే. ఎన్నో పరుగుల అరుగు అది, నెలల తరబడి, దారం మీద నడిచిన అరుగు. చెయ్యి కుడి అంచుకు వెళ్లింది. అక్కడ ఆగింది. అంచున రెండు వేళ్ల వెడల్పున రబ్బరు రేగి, చిన్న చిన్న చుట్టలుగా లేచి ఉంది. పిల్లలు రబ్బరుతో పెన్సిలు రాత చెరిపితే రాలే పొట్టులా. ఎడమ అంచున ఏమీ లేదు. ఆమె చీరకొంగు తడిపి తుడిచి, మళ్లీ నిమిరింది. నడిమి అరుగు పాతది, మసిబారి ఉంది. అంచు అరుగు కొత్తది. నల్లగా మెరుస్తోంది.

ఆమె చేతిని ఒళ్లో పెట్టుకుంది. దారం సడలి శనివారమే చక్రం వంకరగా కూర్చుందనుకుంటే, అలాంటి తప్పు జరిగితే జరగొచ్చు. కానీ ధర్మరాజ్ వేలు పెట్టి చూశాడు. తర్వాత ఇరుసు తిప్పి, నట్టు బిగించి, మళ్లీ దారం వేయించి రెండోసారి చూశాడు. రెండుసార్లూ ఒకటే సందు. ఇద్దరూ రెండుసార్లూ తప్పు చూడలేరు. శనివారం సాయంత్రానికీ ఆదివారం పొద్దునకూ మధ్య ఎవరో ఆ నట్టు విప్పారు. విప్పి, దారం లేకుండా, గీతలు చూసి బిగించారు.

ఆదివారం ధర్మరాజ్ కూడా వెళ్లి ఉంటే బయలుదేరే ముందు ఒకసారి చూసేవాడు. షాపు మూయకూడదని మొదలాళే అతన్ని ఆపేశాడు.

ఈ టైరును పళనిస్వామి ముందు పెడితే చాలు. ఆయన నలభై ఏళ్లుగా టైర్ల మనిషి. అరచెయ్యి పెడితే మాట అక్కర్లేదు. చక్రమంతా మోయలేదు కాబట్టి టైరు మాత్రం ఊడదీద్దామని ఆమె సామాన్ల పెట్టె తెరిచింది. కడ్డీ కోసం వెతుకుతుంటే అడుగున హార్లిక్స్ మూతంత చిన్న రేకు డబ్బా చేతికి తగిలింది. అతను అందులో పిన్నులు దాచుకుంటాడు. తెరిచింది.

పిన్నులు లేవు. గ్రీజులో నానిన దారం ముక్క ఉంది. పసుపు, నలుపు పేనిన దారం. రాయి కింద పెట్టి నలిపినట్టు అప్పడంలా అణిగిపోయింది. అయినా మధ్యలో ముడి తెలుస్తోంది. రెండు చుట్లు తిప్పి మెడలోంచి లాగే ముడి. పూలు కట్టేవాళ్లు వేసేది. ఆ లాగడంలో ఎడమకు తిరిగే అలవాటు మాదేశ్వరికే ఉంది, మునియమ్మ ఎప్పుడూ దానికి ఎగతాళి చేస్తుంది.

ఆ శుక్రవారం అమావాస్య. ముకేష్ తల్లి పరమేశ్వరి అడిగిందనే తొప్పూరు ఘాట్ దగ్గర మునియప్పన్ గుడికి పోయి, మాదేశ్వరి ఆ దారం మంత్రింపించుకొని వచ్చింది. లారీలవాళ్లు ఘాట్ దిగేముందు అక్కడ ఆగి, దారం కట్టించుకొని పోతారు. బస్సులో సంచి కొక్కేనికి తగిలి దారం తెగితే, దిగేలోపల తనే ముడివేసింది. పళనిస్వామి వాళ్ల పెద్దింటి వంటగది వెనక తలుపు దగ్గర పరమేశ్వరి చేతిలో పెట్టి, పూజారి లారీవాళ్లకు చెప్పే మాటే చెప్పింది. ఇరుసుకే కట్టాలంట అక్కా, పైన కడితే గాలికి పోతాదంట. లారీ ఇరుసు మనిషి తొడంత ఉంటుంది. దానికి దారం కట్టినా, ఏనుగుకు కట్టినా ఒకటే. బండి ఇరుసు బొటనవేలంతే.

కడ్డీ పెట్టెలోనే ఉండిపోయింది. ఆమె తీయలేదు.

పొద్దు వాలే వేళకు ధర్మరాజ్ వచ్చాడు. తలుపు తోసి, సంచి తీసిన చక్రాన్నీ, తెరిచిన పెట్టెనూ, ఆమె అరచేతిలో దారాన్నీ చూశాడు. టిఫిన్ డబ్బా మెల్లిగా కింద పెట్టాడు.

"ఎక్కడ ఉన్నింది?" అంది.

"నట్టు కింద. వాషరుకూ కడ్డీకీ నడమ. మూడు చుట్లు." అతను గడప మీద కూర్చున్నాడు. "బిగించేటప్పుడు బిగిసినట్టే ఉంటాది. లోపల మెత్తన గదా. ఒక పరుగుకు నలిగిపోయింది. రెండోసారి యాక్సిలేటరు ఇచ్చినప్పుడు చెయిన్ లాగిన పక్క ముందుకు జరిగిపోయింది."

"వాడే విప్పినాడా?"

"ఇంకెవురు? వాళ్లమ్మ ఇచ్చింటాది. నవ్వుకుంటానే కట్టింటాడు." టిఫిన్ డబ్బా పక్కకు జరిపి, "గీతలు నమ్మొద్దని వానికి చెప్పినాను. చెప్పినాననే అనుకుంటా ఉండాను," అన్నాడు.

"నాలుగో దినమే చూసినావు."

"ఊ."

"ఆ చక్రం ఎందుకు తెచ్చినావు మరి? పాత ఇనుముకు పోనీకుండా?"

"పాత ఇనుమోడు దాన్ని నెలదినాలు బయట పెట్టుకుంటాడు. మొదలాళి ఆ దారినే పోతాడు. ఒకదినం చెయ్యి పెట్టి చూస్తాడు."

ఆమె దారాన్ని మడిచింది. అది మడత పడలేదు, గ్రీజుకు వేలికి అంటుకుంది.

"దారం సరిగ్గా పట్టలేదంటివే. నాకన్నా నిజం చెప్పుండొచ్చు గదా."

"ఎవురికి చెప్పేది," అన్నాడు ధర్మరాజ్. "నీకా, ఆ తల్లికా?"

పదహారో రోజు కర్మ. మాదేశ్వరి తెల్లవారేసరికి రెండు బుట్టల పూలు కట్టి పెద్దింటికి తీసుకెళ్లింది. దారం ముక్క రవికలో, చిన్న కాగితంలో ఉంది. చెప్పేయాలనే వచ్చింది. దారిలో మాటలు కూడబలుక్కుంది. నేనే తెచ్చినాను, నేనే ఇరుసుకు అని చెప్పినాను, మా ఆయన చేతిలో తప్పు లేదు. ఆ మూడు మాటలు చాలు. తర్వాత వాళ్లు తనను కొట్టినా సరే, తిట్టినా సరే, ధర్మరాజ్ టమోటా గంపలు మోయడం చూస్తూ బతకడం తన వల్ల కాదు.

కర్మలు ముగిసి చుట్టాలు ఆకుల దగ్గర కూర్చున్నారు. పరమేశ్వరి లేదు. వెనక వసారాలో, వాషింగ్ మిషన్ పక్కన నేల మీద కూర్చుని ఉంది. మాదేశ్వరిని చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. పదహారు రోజులుగా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదని వంటమనిషి చెప్పింది.

"కూర్చో మాదేశూ. నిన్నే తలుచుకుంటా ఉండాను."

మాదేశ్వరి కూర్చుంది. చెయ్యి రవిక దగ్గరకు పోయింది.

"నిన్ను ఒకటి అడగల్ల. ఎవురినీ అడగలేకపోతి," అంది పరమేశ్వరి. గొంతు బొంగురుపోయి ఉంది. "ఆ దినం నువ్వు తెచ్చిచ్చిన దారం వాని చేతిలో పెట్టినాను. కట్టుకోరా అంటి. నవ్వినాడు. నీ మునియప్పన్ వచ్చి బండి తోలతాడా మా అన్నాడు. పాకెట్లో వేసుకున్నాడు. కట్టింది నేను చూడలే. నా కండ్ల ముందర కట్టించుండల్ల. వంట చేస్తా ఉంటి, చారు పొంగుతా ఉంటే లోపలికి పోయినాను. అంతే." ఆమె మాదేశ్వరి మోకాలు పట్టుకుంది. "దారం కట్టకుండానే పోయినాడో ఏమో. కట్టింటే కాపాడుండును గదా. బండి తెచ్చింది నీ మొగుడే. అతను చూసింటాడు. కట్టి ఉన్నిందా మాదేశూ? ఒక్కమాట చెప్పు. నా బిడ్డ నా మాట విన్నాడా లేదా?"

వసారా తలుపు దగ్గర అలికిడైంది. పళనిస్వామి నిలబడి ఉన్నాడు. కొత్తగా గుండు చేయించుకున్న తల, తెల్ల పంచె. భోజనానికి పిలవడానికి వచ్చినట్టున్నాడు. పిలవలేదు.

కట్టలేదంటే ఈ తల్లి జీవితాంతం ఆ చారు గిన్నె దగ్గరే నిలబడుతుంది.

"కట్టుకున్నాడు అక్కా," అంది మాదేశ్వరి. "ఉన్నిందంట. మా ఆయన చూసినాడు. నీ మాట విన్నాడు."

పరమేశ్వరి ముఖం ముడుచుకుపోయింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. శబ్దం లేకుండా, చాలాసేపు. వినినాడు, వినినాడు అని రెండుసార్లు అంది. ఆమె వేళ్లు మాదేశ్వరి మోకాలిని వదల్లేదు.

తలుపు దగ్గర పళనిస్వామి కదిలాడు. ఆయన కళ్లు భార్య మీద లేవు. ఎక్కడో చూస్తున్నట్టున్నాడు, చూస్తూ లెక్క సరిపోని మనిషిలా కనుబొమలు దగ్గరకు తెచ్చాడు.

"యాడ కట్టినాడు మే?" అన్నాడు.

తెలుగులో అడిగాడు. అడిగింది తెలుగులో అని ఆయనకు తెలిసినట్టు లేదు.

మాదేశ్వరి ఆయన చేతుల వైపు చూసింది. ఇరుసుకు అన్న ఒక్క మాట చాలు. వాషరు మాట చెప్పనక్కర్లేదు, టైరు చూపనక్కర్లేదు. మొత్తం ఆయనే చూసుకుంటాడు. రేపు పొద్దున సేలం రోడ్డు షాపులో నుంచి రేయ్ ధర్మా అన్న కేక వినిపిస్తుంది. ఈ సాయంత్రమో, రేపో, ఎప్పుడో ఒకసారి, ఇదే వసారాలో, తనిచ్చిన దారమేనని ఆ తల్లికి కూడా అర్థమవుతుంది.

పరమేశ్వరి వేళ్లు ఇంకా మోకాలిని పట్టుకునే ఉన్నాయి.

"హ్యాండిల్‌కు," అంది మాదేశ్వరి.

పళనిస్వామి "సరి," అన్నాడు. తర్వాత తమిళంలో, ఆకుల దగ్గర అందరూ కాచుకొని ఉన్నారని భార్యతో చెప్పి వెళ్లిపోయాడు.

ఆమె ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆ రోజు కోత లేదు. ధర్మరాజ్ పంచలో కూర్చుని టైరును చక్రం నుంచి ఊడదీసి, కత్తితో ముక్కలు కోస్తున్నాడు. రబ్బరు కోసే కత్తిని తడపడానికి పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకున్నాడు. ఆమెను చూసి ఆపాడు.

"హ్యాండిల్‌కు కట్టినాడని చెప్పినాను," అంది ఆమె.

అతను తల ఊపాడు. మళ్లీ కోశాడు. కుడి అంచు ఉన్న ముక్కను ఇంకా చిన్నగా కోసి సంచిలో వేశాడు.

సాయంత్రం మార్కెట్‌కు ఇవ్వాల్సిన మల్లెలు తడిగుడ్డలో అలాగే ఉన్నాయి. మాదేశ్వరి చాప పరుచుకొని, దారపు ఉండ తీసి, కాలు చాపి కొసను బొటనవేలికి తగిలించుకుంది. ధర్మరాజ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. దారం కొస ఆమె బొటనవేలి నుంచి తీసి తన చేతిలో పట్టుకున్నాడు. పచ్చ కసరు ఇంకా పోని వేళ్లు. పట్టుకోవడమే, బండి దగ్గర ఆమె పట్టుకునేట్టు, కదలకుండా, సడలకుండా లాగి పట్టాడు.

మొదటి ముడికే మొగ్గ తెగి కింద పడింది.

"అంత బిగువు వద్దు," అంది ఆమె. "కొంచెం వదులు."

అతను వదిలాడు. ఆమె ఇంకో మొగ్గ తీసుకుంది.